పట్నం బయల్దేరే ముందు: పాలమూరు కుటుంబాలకు ఒక టైల్స్ మేస్త్రీ చెప్పే జాగ్రత్తలు

మాది మక్తల్ దగ్గర ఒక పల్లె. ఇప్పుడు బాచుపల్లి, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లలో టైల్స్ పని చేయిస్తుంటాను. వానాకాలం పంట ఇంటికి చేరగానే ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పట్నంలో పనుందా? ఇంటిల్లిపాదీ వచ్చేయమంటావా?" పనికేం, ఉంటుంది. మా నాన్న తరం నారాయణపేట నుంచి బొంబాయి బస్సు ఎక్కింది, మేం హైదరాబాద్ బస్సు ఎక్కాం. 2011 జనాభా లెక్కల నాటికే తెలంగాణలో నూటికి 39 మంది పట్టణాల్లో ఉన్నారు. రావాలా వద్దా అన్నది మీ ఇంట్లో తేల్చుకోండి. వచ్చేట్టయితే మాత్రం కొన్ని పనులు వరస తప్పకుండా చేయాలి.

అందరూ ఒకేసారి రావద్దు. సంక్రాంతి అయ్యాక ఇంటికి ఒకరు రండి. అక్కణ్ణుంచి వానలు పడేదాకా స్లాబులు, ప్లాస్టరింగు, టైల్స్ అన్నీ జోరుగా నడుస్తాయి. మే నెలాఖరుకల్లా ఏ మేస్త్రీ డబ్బులు సరిగ్గా ఇస్తాడో, ఏ గల్లీలో నీళ్ళు వస్తాయో మీకే తెలిసిపోతుంది. అప్పుడు భార్యాపిల్లల్ని తెచ్చుకుంటే జూన్ 12న బడులు తెరిచేసరికి కుదురుకుంటారు. జూలైలో మూటాముల్లె సర్దుకుని దిగేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. ముసురు పట్టిందంటే బయట పనులు ఆగిపోతాయి, రూము కిరాయి మాత్రం ఆగదు.

ఇక అడ్వాన్సు సంగతి. గుంపు మేస్త్రీ, అంటే కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్ళేవాడు, ఊళ్ళోకి వచ్చి బోరు వేయడానికో, పెళ్ళికో, ఆసుపత్రికో అని ఒక 50 వేలు చేతిలో పెడతాడు. నేనూ మేస్త్రీనే కాబట్టి ఉన్నమాట చెప్తున్నా, ఆ డబ్బు ఊరికే రాదు. పక్కవాడికి రోజుకు 900 ఇస్తుంటే మీకు 700 కడతారు, అడిగితే అడ్వాన్సు గుర్తుచేస్తారు. రెండు నెలల పనితో తీర్చగలిగినంతే తీసుకోండి, అంతకు మించి వద్దు. తీసుకునేటప్పుడే ఊళ్ళో నలుగురి ముందు మూడు మాటలు అనిపించుకోండి: రోజు కూలి ఎంత, వారానికి ఖర్చీ (కూలి లెక్కలోంచి చేతి ఖర్చుకు ముందే ఇచ్చే డబ్బు) ఎంత, పూర్తి లెక్క ఏ పండగకు చేస్తాడు. అప్పు తీరేదాకా కదలనివ్వను, ఇంకెక్కడా పని చేయనివ్వను అంటే అది వెట్టి చాకిరి కిందికి వస్తుంది. 1976 చట్టం ప్రకారం నేరం. కలెక్టరు దగ్గర, ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు పెట్టొచ్చు.

గుంపుతో రాకపోతే అడ్డా, అంటే రోజు కూలీలు పని కోసం నిలబడే చోటు, ఉండనే ఉంది. పొద్దున్నే ఆరింటికల్లా టిఫిన్ డబ్బాతో నిలబడాలి. ఎనిమిదిన్నర దాటితే ఆ రోజు పోయినట్టే, అప్పుడొచ్చే బేరాలన్నీ సగం కూలివే. కొత్తవాళ్ళు బండి ఆగగానే ఎగబడి ఎక్కేస్తారు. పని ఎక్కడ, ఏం పని, ఎంత, తిరిగి దింపేది ఎవరు అని అడిగాకే ఎక్కండి. బండి నంబరు ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి. ఆడవాళ్ళయితే ఒంటరిగా అస్సలు ఎక్కొద్దు.

హాజరు రాసుకోవడం నేర్చుకోవాలి, దీని దగ్గర కాస్త ఆగి చెప్తాను. మా ఆవిడ గోడ క్యాలెండర్ మీదే రాసేది. పూర్తి రోజైతే తేదీ చుట్టూ సున్నా, సగం రోజైతే అడ్డంగా ఒక గీత, ఖర్చీ తీసుకున్న శనివారం కింద ఆ అంకె. నెల తిప్పేముందు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టేది. రోజుకు 800 చొప్పున 25 హాజర్లయితే 20 వేలు. వారానికి 1,500 లెక్కన నాలుగు ఖర్చీలు తీసుకుంటే 6 వేలు పోను 14 వేలు మేస్త్రీ దగ్గర మీ బాకీ. ఇలా నాలుగు నెలలు నడిచేసరికి అతని నోటుబుక్కులో ఒక లెక్క, మీ నోట్లో ఒక లెక్క ఉంటుంది, గొడవంతా అక్కడే. ఒక పెద్ద సైటులో మాకు దసరా లెక్క ఇలాగే తేడా వచ్చింది. క్యాలెండర్ ఫోటోలు ముందు పెట్టేసరికి ఆ సూపర్‌వైజరు గొంతు తగ్గింది. బాకీ నెలకు మించి పేరనివ్వకండి. ఖర్చీ ఫోన్‌పేలో వేయమనండి, అదే రసీదు.

రూముకు వెళ్ళేటప్పుడు టు-లెట్ బోర్డు మీది కిరాయి కాదు చూడాల్సింది. ముందు నీళ్ళు. మంజీరా నల్లా నీళ్ళా, బోరా, ట్యాంకరా? ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో ఓనర్‌ని అడగొద్దు, పక్క పోర్షన్ ఆడవాళ్ళను అడగండి. తర్వాత కరెంటు. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని వసూలు చేసే ఇళ్ళే ఎక్కువ. దిగిన రోజే మీటరు అంకె ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. తెల్లకార్డు ఉన్నవాళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు 2024 మార్చి నుంచి ఉంది, కిరాయిదారులకు కూడా. కాకపోతే మీ పోర్షన్‌కు వేరే సర్వీసు నంబరు ఉండాలి. అందుకే 500 ఎక్కువైనా విడి మీటరున్న ఇల్లే మేలంటాను. అడ్వాన్సు ఎంత కట్టారో, ఖాళీ చేసేటప్పుడు గోడలకు సున్నం వేయించడానికి ఎంత పట్టుకుంటారో ఒక ముక్క రాయించుకోండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఊళ్ళో వదిలిపెట్టి రాకూడని కాగితాలు కొన్ని ఉన్నాయి. రేషన్ కార్డు మార్చుకోనక్కర్లేదు, రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. అమ్మానాన్నల పేర్లు కూడా అదే కార్డులో ఉంటే మాత్రం ఊళ్ళో వాళ్ళు తీసుకుంటారా, ఇక్కడ మీరు తీసుకుంటారా అన్నది ముందే అనుకోండి. లేకపోతే ప్రతి నెలా ఫోన్లో పంచాయితీ తప్పదు. పొలం కౌలుకిచ్చి వస్తుంటే కౌలు కాగితం రాసుకోండి. పట్టాదారుకు 59 ఏళ్ళ లోపుంటే రైతు బీమా 5 లక్షలు ఉంటుంది కాబట్టి అందులో నామినీ పేరు ఎవరిదో చూసుకోండి. చాలామందికి పెళ్ళికాక ముందు రాయించిన పేరే ఉండిపోతుంది. ఆధార్‌లో అడ్రసు ఇప్పుడే మార్చకపోయినా పరవాలేదు, ఫోన్ నంబరు మాత్రం మీ చేతిలో ఉన్న సిమ్ముదే అయ్యుండాలి. ఆడవాళ్ళు ఆధార్ ఎప్పుడూ బ్యాగులో పెట్టుకోవాలి, ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు కట్టకుండా పోవాలంటే అది చూపించాలి.

పిల్లలకు టీసీ తెచ్చుకోండి. తేలేకపోయారనుకోండి, ఆ ఒక్క కారణంతో సర్కారు బడిలో సీటు ఆపకూడదు, 2009 విద్యా హక్కు చట్టంలోనే ఆ మాట ఉంది. హెడ్మాస్టరు తిప్పి పంపితే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళండి. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వస్తే బడి సగమే నడుస్తుందని నా అభిప్రాయం. వదలక తప్పదంటే అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాయించండి, సీటు వస్తే తిండికీ చదువుకూ బెంగ ఉండదు.

అపార్ట్‌మెంట్లలో ఇంటిపని దొరుకుతుంది. గిన్నెలకు వేరు, ఊడ్చి తుడవడానికి వేరు, బట్టలకు వేరు రేటు. మొదటి రోజు మొహమాటపడి "మీ ఇష్టమమ్మా" అంటే ఏడాదంతా ఆ రేటే. నెలకు రెండు సెలవులు, పండక్కి ఊరెళ్ళే రోజులకు కోత ఉందా లేదా అన్నవీ అప్పుడే మాట్లాడుకోవాలి.

బిల్డింగు పని 90 రోజులు నిండగానే చేయాల్సింది లేబర్ కార్డు. 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీసేవలో దరఖాస్తు పెట్టి, ఆ ఏరియా లేబర్ ఆఫీసులో కనుక్కోవాలి. ఆడవాళ్ళు సిమెంటు మోస్తే వాళ్ళ పేరున వేరే కార్డు, మొగుడి కార్డులో చేర్చరు. కాన్పుకు, ఆడపిల్ల పెళ్ళికి, సైటులో ప్రమాదం జరిగితే ఆ కార్డే ఆధారం. ప్రమాదం జరిగాక తీసుకుందామంటే కుదరదు. బ్రోకరు వెయ్యి అడుగుతాడు, ఇవ్వకండి.

ఓటు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఇక్కడే స్థిరపడితే ఫారం 8 పెట్టి మార్చుకోవాలి, కొత్తగా ఇంకో ఓటు రాయించుకోకూడదు. రెండు చోట్ల పేరుండటం చట్టరీత్యా తప్పు. ఇంకా అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళు సర్పంచి ఎన్నికలు ఎప్పుడో తెలుసుకుని బస్సు టికెట్ ముందే చేయించుకోండి, ఆ రోజు ఎంజీబీఎస్ బస్టాండులో కాలు పెట్టే సందు ఉండదు.