వానలు పడేలోపు ఇంట్లో ఉన్న ఆ తామర ట్యూబు తీసి చూడండి

2023 మేలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక రిపోర్టు ఇచ్చింది. న్యూయార్క్‌లో ఇద్దరు ఆడవాళ్ళకి ఒళ్ళంతా తామర, ఫంగస్‌ని చంపే టెర్బినఫిన్ మాత్రలు వాడినా తగ్గలేదు. కారణం ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్. మన దగ్గర కొన్నేళ్ళుగా చర్మ డాక్టర్లని సతాయిస్తున్నది ఇదే.

తడి బట్టలు వద్దు, శుభ్రంగా ఉండండి లాంటివి అందరికీ తెలుసు. నేను ముఖ్యంగా చెప్పేది: మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే మిక్స్ క్రీము రాయొద్దు. దాంట్లో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి.

చర్మ కణాలు, చెమట గ్రంథులు క్రిముల్ని చంపే చిన్న ప్రోటీన్ ముక్కల్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. వీటినే పెప్టైడ్లు అంటారు. డిఫెన్సిన్లు, కాథెలిసిడిన్ అలాంటివే, చెమటలో ఉండే డెర్మ్‌సిడిన్ సంగతి 2001లో బయటపడింది. వీటిలో చాలావరకు క్రిమి పైపొరకి అతుక్కుని దానికి చిల్లులు పొడుస్తాయి. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు, దురద చప్పున తగ్గుతాయి, కానీ అది ఒంటి ఎదురుదాడిని అణిచేయడం వల్ల తగ్గడం, ఆ అణచివేతలో ఈ పెప్టైడ్ల తయారీ కూడా పడిపోతుంది. దొంగ ఇంట్లో ఉండగా కుక్క మూతి కట్టేసినట్టే. ఆపిన కొన్నాళ్ళకే మచ్చ రెండింతలై వస్తుంది, మళ్ళీ అదే ట్యూబు తెస్తారు. ఇలా నెలల తరబడి రాసి గజ్జల్లో చర్మం పలచబడి, చారలు పడినవాళ్ళని చూశాను. ఆ చారలు పూర్తిగా పోవు.

ట్యూబు మీద ఏం చూడాలి: క్లోబెటసాల్, లేదా బీటామెథసోన్, మొమెటసోన్ లాగా "సోన్"తో ముగిసే పేరు ఉంటే అది స్టెరాయిడ్. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడగగానే ఇచ్చే షాపులున్నాయి. (సోరియాసిస్‌కో ఎగ్జిమాకో డాక్టరే రాసిచ్చి ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు.)

బట్టలు: టవల్, లోదుస్తులు ఎవరివి వాళ్ళవే. తిరగేసి ఎండలో ఆరేయండి, ఎండ లేకపోతే ఇస్త్రీ చేయండి.

ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి, లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. మొలతాడు తీసేయండి, తడిసిన దారంలో ఫంగస్ నిలవుంటుంది. టైట్ జీన్స్ వద్దు. మచ్చ పోయిందని మందు ఆపొద్దు, డాక్టర్ చెప్పినన్నాళ్ళూ వాడండి. పదే పదే వస్తుంటే షుగర్ టెస్ట్ చేయించండి. పక్కింటివాళ్ళ ట్యూబు అడగొద్దు. మీది ఇవ్వొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ పట్టుకెళ్ళండి, స్టెరాయిడ్ వల్ల మచ్చ రూపు మారిపోతే చూసి పోల్చుకోవడం కష్టం. మిక్స్ క్రీము ముఖానికి రాయొద్దు. పసిపిల్లలకి డైపర్ కింద అసలే రాయొద్దు, పైన మూసి ఉండటంతో ఆ స్టెరాయిడ్ ఒంట్లోకి ఇంకా ఎక్కువ పోతుంది.