స్టూడియోలో వాయించేవాళ్లకు లాయరు ఎప్పుడు కావాలి?

తిరుపతిలో ఒక పూట కాల్‌షీటుకు (రికార్డింగు పనికి) పోయి నాలుగు కీర్తనలకు మృదంగమో వయొలినో వాయించి వచ్చేదానికి లాయరు అక్కర్లేదు. ఒక పేజీ కాగితం చాలు. అది లేనప్పుడే తర్వాత లాయరు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆ పేజీలో ఉండాల్సినవి: తేదీ, పాటల పేర్లు, వాద్యం, ఫీజు, డబ్బు చేతికొచ్చే రోజు, సమయం మించితే గంటకు ఎంత, మళ్లీ పిలిస్తే ఎంత. పని చెన్నైలో అయితే రానూపోనూ ఛార్జీలు, బస ఎవరివో కూడా రాయించుకోండి. ఇంట్లోనే రికార్డు చేసి పంపేవాళ్లు రెండు మార్పుల వరకు ఉచితమని, మూడో దానికి వేరే ఫీజని ముందే చెప్పాలి. వినడానికి ఎంపీ3 పంపి, బాకీ అందాకే పూర్తి నాణ్యత ఉండే 24 బిట్ వేవ్ ఫైళ్లు ఇవ్వండి. ఫైళ్లు ఒకసారి చేయి దాటాక వసూలు చేయడం కష్టం.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది పేరు. కాపీరైట్ చట్టం వాయించేవాళ్లకు ప్రదర్శకుల హక్కు, అంటే తాము వాయించినదాని మీద హక్కు, ఇస్తుంది. వాయించిన మరుసటి సంవత్సరం మొదలు 50 ఏళ్లు ఉంటుంది. కానీ సినిమా విషయంలో మెలిక ఉంది. మీరు వాయించింది చిన్నదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా పేరు వేయకపోతే, చట్టం మిమ్మల్ని దాదాపుగా ప్రదర్శకుడి లెక్కలోంచే తీసేస్తుంది. మీరు వాయించినదాన్ని చెడగొట్టి వాడితే అడ్డుకునే హక్కొక్కటే మిగులుతుంది. బొమ్మతో వచ్చే వీడియో పాట కూడా ఈ చట్టం దృష్టిలో సినిమాయే. అందుకే యూట్యూబ్ వివరణలోనైనా సరే, పేరు ఎక్కడ వేస్తారో కాగితంలో ఉండాలి.

వాట్సాప్‌లో ‘సరే సార్’ అంటే ఫీజుకు ఒప్పుకున్నట్టే గానీ హక్కులు రాసిచ్చినట్టు కాదు. దానికి మీ సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. అందులో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని లెక్క. స్టూడియోల వాళ్లకూ ఇది తెలుసు. అందుకే వాళ్ల నమూనాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని కనిపిస్తుంది. కొన్నిటిలో ‘వర్క్ ఫర్ హైర్’ (హక్కులన్నీ పని చేయించుకున్నవాళ్లవే) అని కూడా ఉంటుంది. అది అమెరికా చట్టంలోని మాట, మన చట్టంలో లేదు. ఎక్కడి నుంచో దించిన కాగితమని అక్కడే తెలిసిపోతుంది.

ఇలాంటివి కనిపించినప్పుడు సంతకానికి ముందు లాయరుకు చూపించాలి. మీరు వాయించినదాన్ని శాంపిల్ లైబ్రరీకి (వేరే పాటల్లో వాడుకునే శబ్దాల నిల్వకు), ఏఐ శిక్షణకు వాడుకుంటామన్న వాక్యం ఉన్నా, ఇంటర్‌లూడ్ బిట్ (పాట మధ్యలో వచ్చే వాద్య భాగం) మీరే కట్టినా, రాయల్టీ వదులుకోమన్నా అంతే. ‘ఎవరైనా కేసు వేస్తే నష్టం వాద్యకారుడే భరించాలి’ అన్న షరతు మరీ ప్రమాదం. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. ఈ కాలంలో కట్టిన బాణీకి మాత్రం హక్కుదారు ఉంటారు. ఆ అనుమతి తెచ్చుకోవాల్సింది నిర్మాత. మృదంగం వాయించినవాళ్లు పూచీ పడటం అన్యాయం. ‘నేను వాయించిన భాగానికి మాత్రమే’ అని దిద్దించండి.

భూమి తగాదాలు చూసే లాయర్లు తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో కావలసినంత మంది. కాపీరైట్ కాగితాలు చూసినవాళ్లు తక్కువ. హైదరాబాదులోనో చెన్నైలోనో ఒకరిని పట్టుకుని, కాగితం పంపి, చదివి చెప్పడానికి మాత్రమే ఫీజు అడగండి. ‘ఏ మూడు వాక్యాలు మార్చాలి?’ అని సూటిగా అడిగితే ఖర్చు తగ్గుతుంది.

డబ్బు ఎగ్గొడితే, మొదట తేదీ, మొత్తం రాసి ఈమెయిల్ పెట్టండి. 15 రోజులు చూసి లాయరు నోటీసు పంపండి. చాలా బాకీలు అక్కడే తెగుతాయి. దావా వేయడానికి మామూలుగా 3 ఏళ్ల గడువు ఉంటుంది. మీరు వాయించినదాన్ని అనుమతి లేకుండా వాడిన కేసైతే, స్టూడియో చెన్నైలో ఉన్నా మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. పోయేటప్పుడు ఒప్పందం, చాట్ ప్రింట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, తేదీ కనిపించే మీ రికార్డింగు ఫైళ్లు తీసుకెళ్లండి.