ట్యూమర్ మార్కర్ ఎక్కువ వచ్చిందా? రిపోర్టు ఇలా చూడండి

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో మనం అడక్కపోయినా ఒకటో రెండో ట్యూమర్ మార్కర్లు (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాల పరీక్షలు) కలిపేస్తుంటారు. సాయంత్రం ఫోన్‌కి పీడీఎఫ్ వస్తుంది. అందులో ‘సీఏ-125: 52’ అని బోల్డ్ అక్షరాల్లో, పక్కనే ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అని ఉంటుంది. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

1. ముందు ఏ మార్కరో చూడండి. సీఏ-125 అండాశయాలకు, పీఎస్‌ఏ ప్రోస్టేట్‌కు (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి), సీఈఏ ముఖ్యంగా పెద్దపేగుకు సంబంధించి చూస్తారు. క్యాన్సర్ ఉన్నవాళ్లకు మందు పనిచేస్తోందా, జబ్బు తిరగబెట్టిందా అని కనిపెట్టడానికే ఇవి ఎక్కువగా పనికొస్తాయి. ఏ ఇబ్బందీ లేనివాళ్లు ప్యాకేజీలో సీఏ-125 చేయించుకోవడమంటే, నన్నడిగితే, డబ్బిచ్చి టెన్షన్ కొనుక్కోవడమే.

2. రక్తం ఇచ్చిన రోజు ఒంట్లో ఇంకేం ఉందో గుర్తు తెచ్చుకోండి. సీఏ-125కి మామూలు హద్దు మిల్లీలీటరుకు 35 యూనిట్లు. నెలసరి రోజుల్లో, గర్భం మొదటి నెలల్లో, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నా, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నా ఆ హద్దు దాటొచ్చు. కడుపులో టీబీ వచ్చి నీరు చేరితే వందల్లోకి కూడా వెళ్తుంది. పీఎస్‌ఏ అయితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, వయసుతో ప్రోస్టేట్ పెద్దదైనా పెరుగుతుంది. సిగరెట్ తాగేవాళ్లకు సీఈఏ కాస్త ఎక్కువే ఉంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, వాడే మందులతో సహా. జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలను కూడా అందులో రాయడం మరవకండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అవి అంకెనే తారుమారు చేస్తాయి.

3. డాక్టర్ మళ్లీ చేయించమంటే అదే ల్యాబ్‌కి వెళ్లండి. మిషన్, కిట్ మారితే అంకె మారుతుంది, పోల్చుకోవడం కుదరదు. 52 కాస్తా 38కి దిగడం వేరు, 52, 90, 170 అని ఎక్కుతూ పోవడం వేరు.

4. సీఏ-125 అయితే గైనకాలజిస్ట్‌కి, పీఎస్‌ఏ అయితే యూరాలజిస్ట్‌కి చూపించండి. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. రక్తపరీక్ష ఒక్కదాన్ని చూసి క్యాన్సర్ అని తేల్చరు; స్కానింగ్, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తారు.

నెలసరి ఆగిపోయినవాళ్లకు సీఏ-125 పెరిగితే మాత్రం ‘మళ్లీ చేయిద్దాంలే’ అని వారాలు గడపొద్దు. పొట్ట ఉబ్బరం తగ్గకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టున్నా వెంటనే స్కానింగ్‌కి వెళ్లాలి. మార్కర్ నార్మల్ వచ్చినా సరే, ఎందుకంటే అండాశయ క్యాన్సర్ తొలిదశలో దాదాపు సగం మందికి సీఏ-125 పెరగనే పెరగదు.