5జీ వైఫైకి మారాక కెమెరా రావట్లేదా, ఆఫీసు లాగిన్ పోతోందా? ముందు ఈ రెండు నంబర్లు చూడండి

మార్చిలో గుంటూరు నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, వైఫై బ్రహ్మాండంగా వస్తోంది, వీడియోలు కూడా ఆగట్లేదు, కానీ షాపు కెమెరా మాత్రం ఫోన్లో రావట్లేదురా" అన్నాడు. కొత్తపేటలో షాపు, బ్రాడీపేటలో ఇల్లు, రాత్రి పడుకునే ముందు ఒకసారి షట్టర్ వైపు చూసుకోకపోతే ఆయనకి నిద్ర పట్టదు. అంతకు ముందు వారమే షాపులో స్తంభాల మీద నుంచి వచ్చే కేబుల్ నెట్ తీసేసి, డాబా పిట్టగోడకి డబ్బా బిగించే 5జీ వైఫై పెట్టించాడు. నెట్ వాళ్లని అడిగితే కెమెరా వాళ్లని అడగమన్నారు, కెమెరా అతను వచ్చి నెట్ వాళ్లనే అడగమని వెళ్లిపోయాడు. పది రోజులు ఇలాగే గడిచాయి.

ఇలాంటి ఫోన్లు నాకు విజయవాడ నుంచి, గుంటూరు నుంచి చాలా వస్తున్నాయి. అందరూ "ఐపీ (అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే అడ్రసు నంబరు) మారిపోతోంది" అనే అంటారు, కానీ దాని వెనక రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకటి, మీ ఐపీ నిజంగానే మారుతూ ఉండటం. రెండోది, అసలు ఆ ఐపీ మీ ఒక్కరిది కాకపోవడం. మొదటిదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు, డబ్బు వృథా అయ్యేది అక్కడే.

అందుకే ఏదీ కొనకముందు, ఎవరినీ పిలవకముందు ఇది చేయండి. రౌటర్ పేజీ తెరిచి (రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రసు ఉంటుంది, ఎక్కువగా 192.168తో మొదలవుతుంది) స్టేటస్‌లో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు నుంచి వచ్చిన అడ్రసు) అని ఉన్న నంబరు రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద ఉండి గూగుల్‌లో వాట్ ఈజ్ మై ఐపీ అని వెతికి, అక్కడ కనపడే నంబరు కూడా రాసుకోండి. అక్కడ అంకెలు, అక్షరాలు, రెండు చుక్కల గుర్తులతో (:) పొడుగ్గా వస్తే అది కొత్త పద్ధతి నంబరు, ఐపీవీ6, దాన్ని వదిలేసి నాలుగు భాగాలుగా ఉండే ఐపీవీ4 నంబరు చూపించే సైటు తెరవండి. రెండూ ఒకటే అయితే ఐపీ మీదే, మారుతూ ఉండవచ్చు అంతే. రెండూ వేరైతే, ముఖ్యంగా రౌటర్లోది 10తోనో, 100.64 నుంచి 100.127 మధ్యలోనో ఉంటే, మీరు నెట్ కంపెనీ పెట్టిన పెద్ద గేటు వెనక ఉన్నారని అర్థం. దాన్ని సీజీనాట్ అంటారు.

ఇది ఎందుకొచ్చిందంటే, పాత పద్ధతి (ఐపీవీ4) ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తానికి కలిపి సుమారు 430 కోట్లే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి మామూలుగా పంచడానికి ఉన్న నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. మరుసటి ఏడాది ఆ 100.64 వరసని కంపెనీలు లోపల వాడుకోవడానికని పక్కన పెట్టారు. ఒక్క బయటి నంబరు మీద ఎన్నో ఇళ్లు నడుస్తాయి. మీరు లోపలి నుంచి బయటికి వెళ్లడానికి అడ్డేమీ లేదు. బయటి నుంచి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడికి మాత్రం ఏ ఇంటికి వెళ్లాలో తెలియదు, గేటు దగ్గరే ఆగిపోతాడు.

బయటి నుంచి కెమెరా రావట్లేదు

షాపులో నిలబడి, షాపు వైఫై మీదే ఫోన్లో కెమెరా తెరిచి చూడండి. అక్కడ కూడా రాకపోతే సీజీనాట్ దాకా వెళ్లక్కర్లేదు, కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె, అంటే డీవీఆర్‌ లోపలే తేడా ఉంది. బాబాయ్ షాపులో జరిగింది ఇదే. మానిటర్‌కి మౌస్ పెట్టి నెట్‌వర్క్ సెట్టింగ్ తెరిస్తే డీవీఆర్ అడ్రసు 192.168.1.108 అని, గేట్‌వే (బయటికి వెళ్లడానికి వాడే రౌటర్ అడ్రసు) 192.168.1.1 అని చేత్తో కొట్టి ఉంది, పాత కేబుల్ రౌటర్‌కి సరిపోయేలా ఎప్పుడో పెట్టింది. కొత్త రౌటర్ 192.168.0.1 మీద ఉంది. అంటే డీవీఆర్ ఇంకా షాపులో లేని పాత రౌటర్‌నే పిలుస్తోంది. డీహెచ్‌సీపీకి (రౌటరే అడ్రసు ఇచ్చే పద్ధతి) టిక్ పెట్టి సేవ్ చేసి, ఒకసారి ఆపి వేయించాను. ఫోన్లో బాబాయ్, ఇక్కడ విజయవాడ పటమటలో నేను, మొత్తం పావుగంట పట్టింది.

షాపులో వస్తూ బయట రాకపోతే అప్పుడు గేటు సమస్య. ఇదివరకు ఐపీ నంబరుతోనో డీడీఎన్ఎస్ పేరుతోనో, రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకి దారి తెరవడం) పెట్టి చూసేవాళ్లు కదా, సీజీనాట్ వెనక అవి రెండూ పనిచేయవు. మీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా కంపెనీ గేటు మూసే ఉంటుంది. డీడీఎన్ఎస్ చేసేది మారిన నంబరుని చెప్పడమే, ఆ నంబరే మీది కానప్పుడు దాన్ని చెప్పి ఏం లాభం? డీవీఆర్ మెనూలో పీ2పీ లేదా క్లౌడ్ అని ఉంటుంది, అది ఆన్ చేసి స్టేటస్ ఆన్‌లైన్ అని వచ్చేదాకా ఆగండి, తర్వాత ఫోన్ యాప్‌లో పాత ఎంట్రీ తీసేసి తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కొత్తగా కలపండి. ఇందులో డీవీఆరే లోపలి నుంచి బయటికి వెళ్లి సర్వర్‌కి కనెక్ట్ అయి ఉంటుంది కాబట్టి గేటు అడ్డం రాదు. అదే చేత్తో పాస్‌వర్డ్ కూడా మార్చండి. కెమెరా బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉంచుకున్న షాపులు నేను చాలా చూశాను, అది చూస్తే నాకు భయమేస్తుంది.

రోజుకి నాలుగుసార్లు నెట్ పోయి వస్తోంది, వచ్చిన ప్రతిసారీ ఐపీ కొత్తది

రౌటర్ స్టేటస్‌లో అప్‌టైమ్ (రౌటర్ ఆన్ అయి ఎంతసేపైందో) చూడండి. అది మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంటే ఎక్కువగా కారణం కరెంటే. ఎండాకాలం మన దగ్గర కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చినా రౌటర్ కొత్తగా టవర్‌కి నమోదవుతుంది, అప్పుడు కొత్త ఐపీ ఇస్తారు. "మాకు ఇన్వర్టర్ ఉందండీ" అంటారు చాలామంది, మా ఇంట్లోనూ ఉంది. కానీ డాబా మీది డబ్బాకి వేరే కరెంటు వైరు ఉండదు, ఇంట్లో ఉన్న చిన్న అడాప్టర్ నుంచి అదే ల్యాన్ కేబుల్లో కరెంటు పైకి వెళ్తుంది. మా ఇంట్లో రౌటర్ ఇన్వర్టర్ ప్లగ్‌లో ఉంది, ఆ అడాప్టరేమో టీవీ వెనక మామూలు ప్లగ్‌లో ఉంది. రౌటర్ లైట్లు ఆరట్లేదు, నెట్ మాత్రం పోతోంది. అడాప్టర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చాక ఆగింది.

అడాప్టర్ కూడా ఇన్వర్టర్ మీదే ఉండి, అప్‌టైమ్ పెరుగుతూనే ఉండి కనెక్షన్ తెగుతుంటే సిగ్నల్ చూడండి. ఆర్ఎస్ఆర్పీ (టవర్ సిగ్నల్ బలం) అని మైనస్ అంకె ఉంటుంది, మైనస్ 90 కంటే మెరుగ్గా (మైనస్ 80 వైపు) ఉంటే బాగున్నట్టే, మైనస్ 110 దాటితే (మైనస్ 115 వైపు) బలహీనం. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల కొండల పక్కన ఇళ్లకి టవర్ సరిగ్గా కనపడకపోతే డబ్బా ఒక టవర్ వదిలి ఇంకోటి పట్టుకోవచ్చు. టెక్నీషియన్‌ని పిలిచి డబ్బా దిక్కు మార్పించడమే దీనికి దారి. నెట్ అసలు తెగకుండానే బయటి నంబరు మారుతుంటే అది సీజీనాట్ పనే, మీ ఇంట్లో బాగుచేయాల్సింది ఏమీ లేదు.

ఆఫీసు సర్వర్ నిన్న రానిచ్చింది, ఇవాళ రానివ్వట్లేదు

ఆఫీసు వాళ్లు మీ ఐపీని లిస్టులో పెట్టి ఉంటారు, అది రాత్రికి రాత్రి మారింది. రోజూ కొత్త నంబరు పంపిస్తూ కూర్చోవద్దు. పైగా సీజీనాట్ మీద అలా అనుమతిస్తే ఆ నంబరు వెనకున్న ముక్కూ మొహం తెలియని ఇళ్లన్నిటికీ అనుమతి ఇచ్చినట్టే, ఈ మాట మీ ఐటీ వాళ్లకి చెప్పండి. యూజర్ పేరు, ఓటీపీతో నడిచే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితమైన దారి) అడగండి. అది కుదరకపోతే స్థిరమైన ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి అద్దెకి తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్ సాఫ్ట్‌వేర్) కలిపి, ఆ సర్వర్ ఐపీనే ఆఫీసుకి ఇవ్వండి. వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్ కీప్‌ఎలైవ్ 25 సెకన్లు పెట్టండి, లేకపోతే కాసేపు ఏమీ చేయకుండా ఉంటే గేటు మిమ్మల్ని మర్చిపోతుంది. కొన్ని సైట్లు సగంలో ఆగిపోతుంటే వైర్‌గార్డ్‌లోనే ఎంటీయూ (ఒకసారికి పంపే డేటా ముక్క సైజు) 1280కి తగ్గించి చూడండి.

చిన్నవి

విజయవాడలో కూర్చుంటే ఫోన్ చెన్నై అనో హైదరాబాద్ అనో చూపించడం మామూలే, గేటు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరు వస్తుంది. చెన్నై నుంచి ఎవరో లాగిన్ అయ్యారని మెయిల్ వస్తే టెన్షన్ పడకుండా టైము, ఫోన్ మోడల్ మీవేనా చూడండి, కాకపోతే ఆ మెయిల్లో లింకు నొక్కకుండా నేరుగా అకౌంట్లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. ప్రింటర్ కనపడకపోవడం బయటి ఐపీ వల్ల కాదు. ఇంట్లో రౌటర్ ఇచ్చే అడ్రసు మారి ఉంటుంది, డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ప్రింటర్‌కి ఒక నంబరు కట్టేయండి.

స్టాటిక్ (మారని) ఐపీ కొనాలనుకుంటే ముందు కస్టమర్ కేర్‌లో ఒక్కటే అడగండి: "ఈ 5జీ వైఫై ప్లాన్ మీద, బయటి నుంచి కనెక్షన్లు లోపలికి వచ్చే పబ్లిక్ ఐపీ ఇస్తారా?" ఔననో కాదనో రాతపూర్వకంగా, కనీసం మెసేజ్‌లో తీసుకోండి. వైర్ కనెక్షన్‌కి ఇచ్చేది దీనికి ఇవ్వకపోవచ్చు. బాబాయ్‌కి నెలనెలా కట్టే స్టాటిక్ ఐపీ అమ్మబోయారు. పావుగంటలో డీవీఆర్ బాగయ్యాక అది వద్దని చెప్పాడు.