కొత్త భాగాన్ని అనుమానించే పద్ధతి

2020 ఫిబ్రవరి చివరి వారంలో ఒక రోజు అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. పాల లెక్కలు రాసే నోటుపుస్తకం వెనక పేజీలో పెన్సిలుతో ఇలా రాశాను: ‘స్పేస్ బార్ లేదు. ఇది బాల్డర్స్ గేట్ కాదు.’ అమెరికాలోని బోస్టన్‌లో లారియన్ స్టూడియో అధిపతి స్వెన్ వింకే వేదిక మీద కూర్చుని ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటర్ ఆటను మొదటిసారి జనం ముందు ఆడి చూపిస్తున్నారు. రెండో భాగం వచ్చింది 2000లో, దాని ముగింపు కథ 2001లో. పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన నాకు ఫోను తెర మీద కనిపించింది మాత్రం నా ఆటలా లేదు. తెల్లవారేసరికి ఆ పేజీలో పదకొండు అనుమానాలు చేరాయి.

నేను విజయవాడలో ఒక ఆడిట్ కార్యాలయంలో పనిచేస్తాను. అనుమానమే నాకు అన్నం పెడుతుంది. అయితే ఫైలు మీద ‘ఏదో తేడాగా ఉంది’ అని రాసి ఇస్తే మా సారు దాన్ని తిరిగి నా బల్ల మీదికే విసురుతారు. ఏ వోచరు, ఏ తేదీ, ఎంత సొమ్ము, దేనితో పొసగలేదు, అంతా రాయాలి. అభిమాన ఆటకు కొత్త భాగం వస్తోందని విని గుండెల్లో రాయి పడ్డవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. అనుమానపడండి, తప్పేమీ లేదు. కానీ రేపు ఆట చేతికి వచ్చాక అవునో కాదో తేల్చగలిగేలా రాసి, కింద తేదీ వేయండి.

‘ఆట ఆత్మ పోయింది’ అని రాస్తే దాన్ని బ్రహ్మదేవుడు కూడా సరిచూడలేడు. ‘పాత ఆటలో జట్టుకు ఆరుగురు, ఇందులో నలుగురే, కాబట్టి దారిలో సహచరులు ఒకరినొకరు దెప్పుకోవడం తగ్గిపోతుంది’ అని రాస్తే ఆడి చూసి తేల్చవచ్చు. నా పదకొండులో మొదట నాలుగు ఆత్మ బాపతువే. సిగ్గుపడి చెరిపి మళ్లీ రాశాను.

జాబితా రాశాక వెంటనే ఎవరికీ చూపించకండి. ముందు పాత ఆటను మళ్లీ ఆడండి. ఈ పని అందరూ ఎగ్గొడతారు. తమకు గుర్తుందనుకుంటారు. నాకూ గుర్తుందనే అనుకున్నాను. 2002లో గవర్నర్‌పేటలో మేం ముగ్గురం అద్దెకున్న గదిలో, నా రూమ్మేటు కంప్యూటర్‌లో, నాలుగు సీడీలు మార్చుకుంటూ రెండో భాగం ఆడాను. నాలుగో సీడీ గీతలు పడి మొరాయిస్తే బనియన్ అంచుతో తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. నా జ్ఞాపకంలో ఆ పోరాటాలు నదిలా ఆగకుండా సాగేవి. అవసరమైనప్పుడు మాత్రమే స్పేస్ బార్ నొక్కి, కాలాన్ని ఆపి, ఆరుగురికీ ఆజ్ఞలిచ్చి మళ్లీ వదిలేవాణ్ని. కొత్త ఆటలో అదంతా తీసేసి చదరంగంలా వంతులవారీ పోరు పెట్టారన్నదే నా మొదటి అనుమానం.

లాక్‌డౌన్‌లో, 2013లో వచ్చిన మెరుగుపరచిన కూర్పును కొని మొదలుపెట్టాను. ఆట మొదలవకముందే నా చెయ్యి దానంతట అదే సెట్టింగుల్లోకి వెళ్లింది. అక్కడ ఆట తనంతట తానే ఆగాల్సిన సందర్భాల జాబితా ఉంటుంది: శత్రువు కనబడితే, మనవాడికి దెబ్బ తగిలితే, మంత్రం వేయడం పూర్తయితే, రౌండు ముగిస్తే. నేను ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయాను. చివరిదానికి వచ్చేసరికి నవ్వొచ్చింది. ఆ ఆట లోపల రౌండు అంటే ఆరు సెకన్లు. ప్రతి ఆరు సెకన్లకూ ఆటను ఆపి, ఆలోచించి, ఆజ్ఞలిచ్చి వదలడం ఇరవై ఏళ్లుగా నా అలవాటు. అంటే ఆ ఆటను నేనే దాదాపు వంతులవారీ ఆటగా మార్చుకుని ఆడాను! నదిలా సాగిన పోరాటాలు నా తలలోనే సాగాయి. మొదటి అనుమానం పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఇంకోటి కూడా గుర్తులేదు. ఇరుకు సొరంగంలో ఆరుగురిని నడిపిస్తే ఇద్దరు ఒకరికొకరు అడ్డుపడి, మూడోవాడు దారి దొరక్క గుహంతా చుట్టి, నిద్రపోతున్న శత్రువు ఒళ్లోకి వెళ్లి వాలేవాడు. మనం పాత ఆటలో భరించిన కష్టాలను జ్ఞాపకం జమాఖర్చుల్లోంచి మెల్లగా తప్పిస్తుంది. ఆ ఖర్చు కూడా రాసుకుంటేనే కొత్తదానితో పోల్చడం న్యాయం.

ఇక తయారుచేసేవాళ్ల సంగతి. పెట్టె మీద పేరు చూసి నమ్మకండి, పేరు చూసి భయపడకండి కూడా. మొదటి రెండు భాగాలు కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ చేసింది. ఆ సంస్థ స్థాపకుల్లో రే ముజికా, గ్రెగ్ జెస్చుక్ 2012లో తప్పుకున్నారు. వాళ్లదే మరో ఆటల వరుస ‘డ్రాగన్ ఏజ్’ లోకానికి ప్రధాన రచయిత డేవిడ్ గైడర్ 2016లో వెళ్లిపోయారు. బోర్డు మీద పేరు అదే ఉన్నా లోపల వంటవాళ్లు మారిపోయిన హోటలు మనకు తెలియనిది కాదు. మూడో భాగం చేసిన లారియన్ బెల్జియంలోని ఘెంట్‌ది, పాత ఆటలతో దానికి సంబంధం లేదు. కానీ 2014లో వచ్చిన వాళ్ల ‘డివినిటీ: ఒరిజినల్ సిన్’ను ఏడాది తర్వాత బాగా దిద్ది, గొంతులు చేర్చి, అప్పటికే కంప్యూటర్‌లో కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. నా దృష్టిలో ఇది వాగ్దానం కన్నా బరువైన కాగితం. మీరు అనుమానిస్తున్న స్టూడియో గత రెండు ఆటల్లో విడుదల తర్వాత ఏం చేసిందో చూడండి. విడుదలకు ముందు అందరూ మంచివాళ్లే.

చూపిస్తున్నది ఏమిటో పేరుపెట్టి గుర్తించడం కూడా నేర్చుకోవాలి. 2024 డిసెంబరులో ‘ది విచర్ 4’ మొదటి ట్రైలర్ వచ్చింది. మూడో భాగంలోని సిరి ఇందులో కథానాయిక. అది ముందే రెండర్ చేసిన చిత్రం, ఆట నడుస్తుండగా తీసింది కాదు. 2025 జూన్‌లో మరొకటి చూపించి, ఇది సాంకేతిక ప్రదర్శనే తప్ప ఆట కాదని వాళ్లే చెప్పారు. ఈ రెండూ చూసి ఆట బాగుందన్నా, బాగాలేదన్నా రెండూ గాలి మాటలే. సిరిని తీసుకున్నారన్నది మాత్రం నిజమైన సమాచారం, దాని మీద మీకు అభ్యంతరం ఉంటే రాసుకోవచ్చు. బోస్టన్‌లో నేను చూసింది ఈ రెంటి లాంటిది కాదు. ఒక మనిషి కూర్చుని, పాచికలు పడినట్టల్లా ఆడిన ఆట అది. అందుకే అక్కడ కనిపించిన లోపాలను రాసుకోవడానికి వీలైంది. ఉదాహరణకు, ఆ రోజు మనం ఎంచుకోవాల్సిన సంభాషణలు ‘అతన్ని బెదిరించాను’ అన్నట్టు భూతకాలంలో ఉన్నాయి. ఎవరో నా కథను నాకే చెబుతున్నట్టు అనిపించింది. ఆరో అనుమానంగా రాశాను. అదే ఏడాది అక్టోబరులో మొదటి అంకాన్ని ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఆట పూర్తికాకముందే, అమ్మకానికి పెట్టేసరికి ఆ పద్ధతి మార్చేశారు. చాలామంది ఇదే మాట ఇంత కచ్చితంగా చెప్పారు కాబట్టే మార్చగలిగారు.

ఇతరుల ఫిర్యాదులు చదివేటప్పుడు ‘మారింది’ అనే దాన్నీ ‘చెడింది’ అనే దాన్నీ వేరుచేయండి. ‘ఫాలౌట్’ అభిమానుల సంగతి చూడండి. 1997, 1998లలో వచ్చిన మొదటి రెండు భాగాలు పైనుంచి ఏటవాలుగా కనిపించే వంతులవారీ ఆటలు. 2008లో బెథెస్డా చేసిన మూడో భాగంలో మనిషి కళ్లతో లోకాన్ని చూస్తూ తుపాకీ పేలుస్తాం. పాతవాళ్లు భగ్గుమన్నారు, కోపమంతా ఆ కెమెరా మీదే అనిపించింది. 2010లో అదే ఇంజిన్ (ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద, అదే చూపుతో, పాత ఆటలకు పనిచేసిన కొందరున్న అబ్సిడియన్ సంస్థ ‘న్యూ వేగస్’ చేస్తే వాళ్లలో చాలామంది చల్లబడ్డారు. అసలు బాధ కెమెరా గురించి కాదన్నమాట. వర్గాల మధ్య ఎటు నిలబడాలో మనమే తేల్చుకునే కథ కోసం వాళ్లు అల్లాడారు, చేతికి దొరికింది కెమెరా. మీ కోపం కింద ఇలాంటిదేమైనా ఉందేమో తవ్వి చూడండి. దానికి భిన్నంగా 2011లో ‘డ్రాగన్ ఏజ్ 2’ మీద వచ్చిన ఫిర్యాదు చూడండి: అదే గుహ, అదే గిడ్డంగి మళ్లీ మళ్లీ వస్తోంది. అభిరుచితో పనిలేదు, లెక్కపెట్టుకోవచ్చు. మొదటి భాగం వచ్చిన ఏడాదిన్నర లోపే ఇది రావడంతో కారణమూ దాచేది కాదు. 2024లో అదే వరుసలో వచ్చిన ‘ది వీల్‌గార్డ్’కు పాత భాగాల్లో మనం తీసుకున్న నిర్ణయాల్లో మూడే వెంట వస్తాయని తెలిసినప్పుడు వచ్చిన గొడవ కూడా అలాంటిదే. అది మనసుకు తోచిన నింద కాదు, మూడు అని అంకె ఉంది.

డబ్బు విషయం తొందరగా ముగిస్తాను. ముందే కట్టకండి. డౌన్‌లోడు చేసుకునే సరుకు దుకాణంలో అయిపోదు. ఒకసారి ఒక ఆటకు ‘ప్రత్యేక పెట్టె’ కోసం దుకాణంలో ముందే డబ్బు కట్టి, తీరా తెరిచి చూస్తే డిస్కు లేదు. ఒక కాగితం మీద కోడ్ అంకెలూ, ఒక ప్లాస్టిక్ కత్తీ ఉన్నాయి. కత్తి మా అబ్బాయి తీసుకున్నాడు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొంటే 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు డబ్బు వెనక్కి అడగవచ్చు. అయితే ఇలాంటి ఆటల్లో రెండు గంటలు నాకు పాత్ర ముక్కు ఆకారం తేల్చుకోవడానికే చాలవు. కాబట్టి ఆ వెసులుబాటును నమ్ముకుని తొందరపడకండి. సమీక్షలు చదివేటప్పుడు వాళ్లు ఏ యంత్రం మీద ఆడారో చూడండి. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్ కూర్పే ఇచ్చారు. పాత కన్సోళ్ల మీద అది ఎంత అధ్వానంగా ఉందో కొన్నవాళ్లు చెబితేనే లోకానికి తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోరులోంచి తీసేసింది. విచర్ తీస్తున్నదీ ఈ సైబర్‌పంక్ చేసిన స్టూడియోయే. పద్దులో రెండు వైపులా ఆ విషయం రాయాలి, ఎందుకంటే తర్వాత ఏళ్ల తరబడి దాన్ని బాగుచేసిందీ వాళ్లే.

2023 ఆగస్టు 3న మూడో భాగం పూర్తిగా విడుదలైంది. ఆ రాత్రే నా పాత రూమ్మేటు ఫోను చేశాడు.

“ఒరేయ్, కొన్నావా?”

“లేదు. ప్యాచ్‌లు రానీ.”

“నీ జాబితా చింపి పారేసి ముందు ఆట మొదలుపెట్టరా బాబూ.”

నేను డిసెంబరు దాకా ఆగాను. మూడో అంకంలో నగరంలోకి వెళ్లేసరికి ఆట తడబడుతోందని వాడే వారానికోసారి చెప్పేవాడు. ఆగస్టు చివర వచ్చిన మొదటి పెద్ద ప్యాచ్‌లోనే వెయ్యికి పైగా దిద్దుబాట్లు ఉన్నాయి. నవంబరు 30న వచ్చినదానిలో, కథ ముగిశాక ఆరు నెలలకు సహచరులందరూ మళ్లీ కలుసుకునే ఘట్టాన్ని చేర్చారు. ఆత్రపడినవాడికి దొరకని వీడ్కోలు ఆగినవాడికి దొరికింది. ఆ సంగతి వాడికి రెండుసార్లు చెప్పాను. 150 జీబీ ఖాళీ కోసం పెళ్లి వీడియోను వేరే డిస్కులోకి మార్చాల్సి వచ్చిన సంగతి మా ఆవిడకు ఒక్కసారీ చెప్పలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత నోటుపుస్తకం తెరిచి లెక్క తేల్చాను. పదకొండులో నాలుగు తప్పు. వంతులవారీ పోరు గురించి రాసినదాన్ని అడ్డంగా కొట్టేశాను. మూడు నిజమే కానీ విడుదలలోపు సరిదిద్దారు. చిన్న నిప్పు మంత్రం వేసినా నేలంతా మంటలు పరుచుకోవడం అందులో ఒకటి, అది వాళ్ల డివినిటీ ఆట వాసన, తగ్గించారు. మూడు నిలబడ్డాయి. వాటిలో ఒకటి: నలుగురే అన్న వెలితి చివరిదాకా పోలేదు, మిగిలినవాళ్లు శిబిరంలో కూర్చుని మన కోసం ఎదురుచూస్తుంటే పెళ్లికి పిలవని చుట్టాల్లా అనిపించారు. ఒకటి ఇప్పటికీ తేలలేదు. పాత కథ హంతక దేవుడి బిడ్డది, అది 2001లోనే ముగిసింది. కొత్త కథ సుమారు 120 ఏళ్ల తర్వాతది. దీనికి ‘3’ అన్న అంకె న్యాయమా, గిరాకీ కోసమా? పాత జట్టులోని జహీరా కనిపించగానే న్యాయమే అంటాను, మరో గంటకు మాట మారుస్తాను.

ఇంకా ఆడనివాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు, కథ బయటపెడుతున్నాను. రెండో భాగంలో వికోనియా అనే చీకటి జాతి స్త్రీని జనం స్తంభానికి కట్టి కాల్చబోతుంటే మనం విడిపించవచ్చు. గవర్నర్‌పేట గదిలో నేను విడిపించాను. ఆట ముగిసేదాకా నా జట్టులోనే ఉంది, పుల్లవిరుపు మాటలతో, మెల్లగా మెత్తబడుతూ. మూడో భాగంలో ఒక మఠం తలుపు తీసి లోపలికి వెళితే దాని అధిపతిగా ఆమే నిలబడి ఉంది. పసిపిల్లను ఎత్తుకొచ్చి, జ్ఞాపకాలు తుడిచేసి పెంచిన క్రూరురాలిగా. నేను చూసిన మార్పు జాడ ఆమెలో ఎక్కడా లేదు. నా పదకొండింటిలో ఆమె పేరు లేదు. పోరు ముగిశాక మౌసు వదిలి నోటుపుస్తకం తీసి, కింద పన్నెండోది రాశాను. పాత తేదీ వేయాలని చెయ్యి పీకింది. ఆ రోజు తేదీయే వేశాను.