పాత బండి స్పోకుల చక్రం ఇంట్లో విప్పే ముందు

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు చక్రం ముందు పెట్టుకుని కూర్చున్న ప్రతివాడికీ ఒకటే బెంగ: విప్పిన 36 స్పోకుల్ని మళ్ళీ అల్లగలనా అని. నన్నడిగితే దానికి అంత బెంగ అక్కర్లేదు. తప్పుగా అల్లితే విప్పి మళ్ళీ అల్లుకుంటారు, పోయేది ఒక ఆదివారం. వేళ్ళు, కళ్ళు, ఊపిరితిత్తులు పోయే పనులు వేరే ఉన్నాయి. వాటినేమో లుంగీ ఎగ్గట్టుకుని, టీ తాగుతూ, పక్కన పాటలు పెట్టుకుని కానిచ్చేస్తాం.

ఆ బండి 1985లో మార్కెట్లోకి వచ్చింది, 1996లో ఆగిపోయింది. అంటే మీ దగ్గరున్నది ఆఖరి బ్యాచ్‌దైనా చక్రానికి ముప్పై ఏళ్ళ వయసు. నేను చెప్పేదంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే. యెజ్దీ, రాజ్‌దూత్, పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకీ చాలావరకు ఇదే పని చేస్తుంది. బుల్లెట్ చక్రం 19 అంగుళాలు, స్పోకులు 40. లెక్క మారుతుంది కానీ ప్రమాదాలు మారవు.

ముందు ఆ రిమ్ము మీద డబ్బు పెట్టడం దండగో కాదో తేల్చుకోవాలి. బయట మెరుపు చూసి మోసపోవద్దు. టైరు తీసి, రబ్బరు పట్టీ కింద చూడండి. వాన నీళ్ళు అక్కడే నిలుస్తాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. నిపిల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. పొట్టు రాలి మొన లోపలికి దిగిందంటే ఆ రిమ్ము తుక్కు సామాను కిందే లెక్క. వెల్డింగ్ పెట్టిస్తానంటే వద్దు. చెయ్యి మాత్రం జాగ్రత్త: పైకి లేచిన క్రోమ్ రేకు బ్లేడుతో సమానం, ఒట్టి చేత్తో రిమ్ము చుట్టూ తడిమితే కోసుకుపోతుంది.

బండిని నిలబెట్టడం గురించి రెండు ముక్కలు. రెండు చక్రాలూ ఒకేసారి తీయకండి. చదునైన గచ్చు మీద మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టండి. ఇటుకలు పేర్చడం మనకి అలవాటు గానీ, వంద కిలోల బండి ఒక పక్కకి ఒరిగితే ఇటుక పగలడానికి క్షణం చాలు. వెనక చక్రం తీసేటప్పుడు ముందు బ్రేక్ లివర్‌ని ట్యూబు ముక్కతో బిగించి కట్టేయండి, బండి ముందుకి జారదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను. స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న వెనక చక్రానికో చైనుకో గుడ్డ పట్టి తుడవడం చూసే ఉంటారు. రిమ్ము చుట్టూ ఒకేలా పాలిష్ పడుతుందని కొందరు కావాలనే చేస్తారు. గుడ్డ అంచు చైనుకీ పళ్ళ చక్రానికీ మధ్య పడితే చెయ్యి వెనక్కి లాగే టైము ఉండదు. గుడ్డ వెంట వేలు పోతుంది. మెకానిక్ షాపుల్లో ఒక కణుపు తక్కువున్న వేళ్ళు కనిపిస్తే అడిగి చూడండి, సగం మంది ఇదే కథ చెప్తారు. చక్రం తిప్పాలంటే ఇంజన్ ఆపి, న్యూట్రల్ చేసి, చేత్తో తిప్పండి. మరీ నయం, చక్రం ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని రుద్దుకోండి.

ఊడదీశాక బ్రేక్ ప్లేట్ (షూలు బిగించి ఉండే డ్రమ్ము మూత) పైకి లాగగానే లోపల నల్లటి పొడి కనిపిస్తుంది. ఫూ అని ఊదాలనిపిస్తుంది. పంచర్ షాపు పక్కనే ఉంటే గాలి కొట్టించాలనిపిస్తుంది. రెండూ చేయకండి. ఆ కాలపు బ్రేక్ లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండడం మామూలు. దాని నూగు ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు, జబ్బు బయటపడేసరికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. అందుకే ఎవరూ దీన్ని పట్టించుకోరు. సబ్బు నీళ్ళు స్ప్రే సీసాలో పోసి, డ్రమ్ము, షూలు పూర్తిగా తడిసేలా కొట్టి, ఆ ముద్దని తడి గుడ్డతో ఎత్తి, గుడ్డతో సహా సంచిలో కట్టి పారేయండి. ఎన్95 మాస్క్ పెట్టుకోవడం మంచిదే, కానీ ఇక్కడ అసలు కాపాడేది నీళ్ళు. పాత లైనర్లని ఉప్పుకాగితంతో పొడిగా రుద్ది పదును పెట్టడం ఒక అలవాటు, అది మానుకుని కొత్త షూలు వేసుకోండి.

ఇక స్పోకులు. విప్పే ముందు రెండు వైపులా ఫోటోలు తీసుకోండి. హబ్బు (చక్రం నడిమి భాగం) అంచుకీ రిమ్ము అంచుకీ ఎడం ఎంతుందో స్కేలు పెట్టి కొలిచి గోడ మీదైనా రాసుకోండి. తర్వాత చక్రం బండి మధ్యలో నిలబడేది ఆ కొలతతోనే. నిపిళ్ళకి తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే పెట్టి వదిలేయండి. మర్నాడు ఒక్కో నిపిల్‌ని అర చుట్టు చొప్పున వదులు చేస్తూ చక్రం మొత్తం తిరిగి రండి, మళ్ళీ మొదటి నుంచి ఇంకో అర చుట్టు. ఒక పక్క పూర్తిగా వదిలేసి రెండో పక్క బిగువుగా ఉంచితే రిమ్ము ఒంకర పోతుంది.

కదలని నిపిళ్ళు ఎలాగూ కొన్ని ఉంటాయి. వాటిని కత్తిరించాల్సిందే. నా మొదటి చక్రానికి కళ్ళద్దాలు లేకుండా కూర్చున్నాను. చుట్టూ వదులు చేయకుండానే బిగువు మీదున్న స్పోకుకి కట్టర్ పెట్టి నొక్కాను. టప్‌మని తెగింది. ముక్క ఎటు పోయిందో కనపళ్ళేదు. గోడకి తగిలిన చప్పుడు వినపడింది, చెంప మీద సన్నటి గీత పడింది. ఆ గీత రెండంగుళాలు పైన పడి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. అందుకని ముందు కదిలేవన్నీ వదులు చేయండి, కళ్ళకి గాగుల్స్ పెట్టుకోండి (చదువుకునే కళ్ళద్దాలు చాలవు, పక్కల నుంచి వస్తాయి), కోసే స్పోకుని రెండో చేత్తో పటకారుతో పట్టుకుని అప్పుడు కోయండి. టైరులో గాలి ఉండగా మాత్రం ఒక్క స్పోకు కూడా ముట్టుకోవద్దు.

పాత స్పోకుల్ని మెరిపించి మళ్ళీ వాడదామనే పొదుపు నాకు నచ్చదు. యాసిడ్‌లో ముంచితే తుప్పు పోయి వెండిలా తయారవుతాయి, నిజమే. కానీ ఆ యాసిడ్ పని వల్ల పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది. నికెల్ కోటింగ్ షాపులో వేసినా అదే ప్రమాదం. కోటింగ్ అవగానే ఓవెన్లో గంటల తరబడి వేడి చేస్తే తప్ప ఆ దోషం పోదు, మన ఊళ్ళలో ఆ ఓపిక ఎవరికీ లేదు. పెళుసైన స్పోకు చూడ్డానికి బాగుంటుంది, గుంతలో పడినప్పుడు మెడ దగ్గర, అంటే హబ్బులోకి దూరే ఒంపు దగ్గర, పుటుక్కుమంటుంది. కొత్త సెట్ కొనండి. హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే దొరుకుతాయి. పాతది ఒకటి లోపలి వరసది, ఒకటి బయటి వరసది పట్టుకెళ్ళండి, రెండింటి మెడ ఒంపు వేరు.

తుప్పు వదిలించడానికి మన ఇళ్ళలో మొదట చెయ్యి వెళ్ళేది బాత్రూం యాసిడ్ సీసా మీదకే. అది ఉప్పు ఆమ్లం. తుప్పుతో పాటు అల్యూమినియం హబ్బునీ తింటుంది. దాని ఆవిరి గదిలో ఉన్న మిగతా పనిముట్లకి కూడా తుప్పు పట్టిస్తుంది. అసలు భయం ఇంకోటి: మీరు బాత్రూంలో యాసిడ్‌తో కడిగి వచ్చేస్తారు, సాయంత్రం ఇంట్లో ఎవరో అదే గచ్చు మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. డ్రైనేజీ పైపుల్లో పోసే కాస్టిక్ సోడా కూడా హబ్బు దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియానికి తగలగానే పొంగి మండే వాయువు వదులుతుంది.

నట్లు, యాక్సిల్, స్పేసర్లకి నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు కలిపి రాత్రంతా నానబెట్టి, మర్నాడు బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్ళలో జాడించి, ఎండబెట్టి నూనె పూయండి. క్రోమ్ రిమ్ము మీద పైపై తుప్పుకి అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి, నీళ్ళలో ముంచి రుద్దండి. ఫాయిల్ క్రోమ్ కన్నా మెత్తన, గీతలు పడవు. ఇంత చవక వైద్యానికి ఇంత గుణం ఉంటుందని నేనూ మొదట నమ్మలేదు. క్రోమ్ పూర్తిగా పోయిన రిమ్ముకి ఇంట్లో క్రోమ్ పూసే పని పెట్టుకోవద్దు. ఆ తొట్టిలో వాడే క్రోమియం రసాయనం క్యాన్సర్ తెచ్చే రకం.

గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దేవాళ్ళకి: నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. బ్రష్ మీద రాసున్న వేగం అంతకన్నా తక్కువైతే వాడకండి. తీగలు సూదుల్లా ఊడి వస్తుంటాయి, చొక్కా గుండా దిగుతాయి. స్పోకుల మధ్యలోకి దాన్ని దూర్చితే పట్టేసి చేతిలోంచి ఎగిరిపోతుంది, కాబట్టి అల్లిన చక్రం మీద అసలు వద్దు. మెడలో తువ్వాలు, లుంగీ, చేతికి కట్టుకున్న దారాలు అన్నీ తీసేసి కూర్చోండి.

జిడ్డు కడగడానికి పెట్రోల్ వాడకండి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పంటుకునేంత ఆవిరి వదిలే ద్రవం అది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. మీరు వరండాలో కడుగుతుంటే అది గడప దాటి దేవుడి గూటి దీపం దాకా పోగలదు. కిరసనాయిలు దొరకడం ఇప్పుడు కష్టమే, డీజిల్‌తో సరిపెట్టుకోండి, అదీ ఆరుబయట. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం మాత్రం మహా పాపం. పిల్లలు నీళ్ళో జ్యూసో అనుకుని తాగేస్తారు. ఎవరైనా తాగితే వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ముప్పు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

బేరింగులు కడిగాక గాలి కొట్టి గిర్రున తిప్పడం చూడ్డానికి సరదాగా ఉంటుంది, ఆ వేగానికి అది పగిలి గోళీలు తుపాకీ గుళ్ళలా వస్తాయి. హబ్బుకి రంగు వేసేటప్పుడు హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పెయింట్ జోలికి పోకుండా మామూలు స్ప్రే డబ్బాతో సరిపెట్టుకోండి. ఆ హార్డెనర్‌కి మన మాస్కులు ఆగవు, ఉబ్బసం అంటుకుంటే జీవితాంతం ఉంటుంది.

అల్లకం గురించి ఎక్కువ చెప్పను. పక్కకి 18, అందులో లోపలివి 9, బయటివి 9. ఫోటో చూసుకుంటూ వేసుకోండి. పావు చుట్టు చొప్పున బిగించండి. వెనక ఫోర్కుకి పెన్సిల్ కట్టి చక్రం తిప్పితే ఎక్కడ అవుట్ (ఒంకర) ఉందో అదే గీసి చూపిస్తుంది. పక్కకి గానీ పైకి కిందకి గానీ 2 మిల్లీమీటర్లు దాటకూడదు. స్పానర్‌తో తడితే ప్రతి స్పోకూ టింగ్‌మనాలి, మొద్దుగా టక్‌మన్నది వదులుగా ఉన్నట్టు. నిపిల్ దాటి లోపలికి పొడుచుకొచ్చిన స్పోకు కొనల్ని ఆకురాయితో సమంగా అరగదీయండి, లేకపోతే వేగంలో ట్యూబు పగిలేది అక్కడే. టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, ఎంత గాడి మిగిలున్నా పారేయండి. ఎక్కించాక అంచు సరిగా కూర్చోకపోతే సబ్బు నీళ్ళు పూయండి, గాలి 40 పీఎస్ఐ దాటనివ్వకండి.

చివరికి బిగింపు. వెనక బ్రేక్ ప్లేట్‌ని ఫోర్కుకి కలిపే పొడవాటి పట్టీ ఒకటుంటుంది, టార్క్ ఆర్మ్ అంటారు. చక్రం మెరిసిపోతున్న సంతోషంలో నేను దాని బోల్టు పెట్టడం మర్చిపోయాను. మా వీధిలోనే, ఇరవై గజాలు కూడా పోలేదు, బ్రేక్ తొక్కాను. ప్లేట్ మొత్తం చక్రంతో పాటు తిరిగింది, బ్రేక్ రాడ్ విల్లులా వంగింది, చక్రం దిగ్గున ఆగిపోయింది. నడక వేగంలో ఉన్నాను కాబట్టి మోకాలు కొట్టుకుపోయి సరిపోయింది. ముందు చక్రానికైతే ప్లేట్ గాడి ఫోర్కు మీదున్న బొడిపెలో కూర్చోవాలి, కూర్చోకపోయినా ఇదే జరుగుతుంది, కానీ అప్పుడు తల కిందగా పడతారు. ఇప్పుడు టార్క్ ఆర్మ్ బోల్టు, దాని స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడిపోకుండా దూర్చే పిన్ను), యాక్సిల్ నట్టు మూడింటి మీదా ఎర్ర నెయిల్ పాలిష్ గీత పెట్టుకుంటాను. గీత లేకుండా గేటు దాటను.

మొదటి రోజు వెనక ఎవరినీ ఎక్కించుకోకండి, నలభై దాటకండి. 50 కిలోమీటర్లు తిరిగాక ఇంటికొచ్చి, ఇంజన్ చల్లారాక స్టాండ్ వేసి, మళ్ళీ 72 స్పోకులూ ఒక్కొక్కటీ తట్టి చూడండి. నాలుగైదు తప్పకుండా మొద్దుగా పలుకుతాయి.