తాకితే పలికే పలకలో మన ఇంటి మాటలు

బొమ్మను తాకితే మాట వినిపించే యాప్‌ను ట్యాబ్‌లోకి ఎక్కించుకోవడం పది నిమిషాల పని. మాట రాని పిల్లవాడి కోసం అందులో ఏ మాటలు ఉంచాలి, అవి ఎవరి గొంతుతో పలకాలి అన్నది తేల్చుకోవడానికే అసలు సమయం పడుతుంది.

యాప్‌తో వచ్చే యంత్రపు గొంతు ‘ఏమిటి’, ‘రాగి జావ’, ‘అక్క’ అంటుంది. శ్రీకాకుళం పల్లెలో పెరిగే పిల్లవాడు పొద్దస్తమానం వినేవి ‘ఏటి’, ‘చోడి అంబలి’, ‘అప్ప’. అందుచేత సొంతంగా రికార్డు చేసుకునే వీలున్న యాప్‌నే ఎంచుకుని, కుదిరితే అదే ఈడు పిల్లల చేత ఆ మాటలను పలికించాలి.

మొదట తెరపై ఒక్కో మాట బొమ్మకు ఒక్కటి చొప్పున ఆరు గడులు చాలు: కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, ఏటి, అప్ప. తెరను తిండి బొమ్మలతో నింపేయడం చాలామంది చేసే పొరపాటు. ‘అంబలి’ గడి అంబలి దగ్గరే పనికొస్తుంది, ‘ఇంకా’ మాత్రం అంబలికీ ఊయలకీ పాటకీ కూడా పనికొస్తుంది. ఒకసారి పెట్టిన గడిని ఇక కదపకూడదు, ఎందుకంటే కొన్నాళ్లకు పిల్లవాడి వేలు బొమ్మను వెతకడం మాని చోటును బట్టి వెళ్తుంది. కొత్త మాటలకు ఖాళీ గడులను ముందే వదిలిపెట్టాలి.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల చేయి వణికే పిల్లలకు, గడుల కొలతకు రంధ్రాలు కోసిన యాక్రిలిక్ రేకును తెరపై బిగిస్తే వేలు పక్క గడిపైకి జారదు. ఐప్యాడ్ అయితే, యాక్సెసిబిలిటీ సెట్టింగులలోని టచ్ అకామడేషన్స్‌లో, వేలు కాసేపు ఆనితేనే తాకినట్టు లెక్కించేలా మార్చుకోవచ్చు.

ఆపైన నెలల తరబడి పెద్దలే తాకి చూపాలి. అంబలి పోస్తూ తల్లి ‘ఇంకా కావాలా’ అని నోటితో అంటూనే ‘ఇంకా’ గడిని తాకి, గరిటెను అలాగే పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఆ ఆగడమే పెద్దలకు అన్నిటికన్నా కష్టం. చేయి పట్టుకుని నొక్కిస్తే అది మన మాటే తప్ప పిల్లవాడి మాట కాదు. అతడు ‘వద్దు’ తాకితే, ఇంకా ఆకలి తీరలేదని మనకు తోచినా సరే, గరిటెను వెనక్కి తీసుకోవాలి.

అదే తెరను అదే వరుసలో కాగితంపై ముద్రించి లామినేషన్ చేయించుకోవడం తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ట్యాబ్‌ను తీసుకువెళ్లలేని నూతి గట్టు దగ్గర స్నానం చేయించేటప్పుడు కూడా ఆ కాగితమే పిల్లవాడి నోరు.